పెరట్లో నేల మీద టమాటా నారు నాటడం: గుంట, ఎరువు, దూరం, నీళ్లు

హన్మకొండ_పెరడు | అక్టోబర్ 8, ఉదయం 7:40

అందరికి నమస్తే. ఇంటి ఎనుక 15 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు జాగ ఖాళీగ ఉన్నది. పొద్దుగాల 8 నుంచి మధ్యాహ్నం 3 దాక ఎండ పడతది. ఎర్రమట్టి, గరుసు కొంచెం కలిసి ఉంటది. కుండీలల్ల కాదు, నేలలనే టమాట పెట్టాలె. నర్సరీల అర్క రక్షక్ రకం ప్రోట్రే (గుంతల ట్రేలల్ల పెంచిన) నారు 24 మొక్కలు చెప్పి పెట్టినం, రెండు వారాలకు ఇస్తరు. నీళ్లు బోరువే, కొంచెం ఉప్పదనం ఉంటది. ఎంత దూరంల పెట్టాలె, గుంటల ఏమేం వెయ్యాలె, ఎంత లోతుకు పెట్టాలె, వివరంగ చెప్పున్రి.

---

ఎర్రచెలక | అక్టోబర్ 8, ఉదయం 9:15

మంచి సమయానికి మొదలుపెడుతున్నారు. చిత్త కార్తె చివర్లో, స్వాతి కార్తెలో నాటిన టమాటా నవంబరు నెలాఖరుకు పూతకు వస్తుంది. అప్పటికి మన దగ్గర రాత్రి ఉష్ణోగ్రత 15–20 డిగ్రీల మధ్య ఉంటుంది. పూత కాయగా నిలబడడానికి అంతకంటే మంచి వాతావరణం లేదు. డిసెంబరు చివరి నుంచి కాయ కోసుకోవచ్చు.

ముందు దూరం సంగతి. అర్క రక్షక్ మరీ పొట్టిగా ఆగిపోయే రకం కాదు, తీగలా సాగుతూ పోయేదీ కాదు, మధ్యస్థం. సాలుకూ సాలుకూ 3 అడుగులు, సాలులో మొక్కకూ మొక్కకూ 2 అడుగులు ఇవ్వండి. మీ 15 అడుగుల పొడుగులో ఒక సాలుకు 7 మొక్కలు, 10 అడుగుల వెడల్పులో 3 సాళ్లు, అంటే 21 మొక్కలు. మిగిలిన మూడింటిని చిన్న కవర్లలో పెట్టి నీడపట్టున ఉంచండి. పది రోజుల్లో ఏదైనా చచ్చిపోతే ఆ ఖాళీలో అదే వయసు మొక్క పెట్టొచ్చు. జాగా ఉంది కదా అని 24 కూడా ఇరికించకండి. ఆకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతే లోపల గాలి ఆడదు, పొద్దున మంచు ఆరదు, ఆకుమాడు తెగులు అక్కడే మొదలవుతుంది.

గుంటలు నారు వచ్చిన రోజు కాదు, ఇవాళో రేపో తీసేయండి. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు లోతు. పై ఆరంగుళాల మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క పోయండి. నాలుగైదు రోజులు ఎండనివ్వండి. తర్వాత ఒక్కో గుంటకు:

బాగా చివికిన పశువుల ఎరువు 2 కిలోలు (లేదా వర్మీకంపోస్టు కిలో), వేపపిండి 100 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 20 గ్రాములు. వీటిని పై మట్టితో కలిపి గుంటలో నింపి, కింది మట్టిని పైన పోసి, ఒక బకెట్ నీళ్లు కొట్టి వదిలేయండి. నాటేలోపు వేపపిండికి కనీసం పది రోజులు కావాలి. పచ్చిగా ఉన్నప్పుడు అది కుళ్లుతూ వేడి పుట్టిస్తుంది, లేత వేరు మాడుతుంది.

పేడ చివకలేదని అనుమానం ఉంటే అసలు వేయకండి. సగం మాగిన ఎరువుతో వేరుపురుగూ చెదలూ రెండూ వస్తాయి, ఎర్రనేలలో మరీ ఎక్కువ. చివికిన ఎరువును పిడికిట పడితే పొడిగా విడిపోవాలి, పేడ వాసన రాకూడదు.

---

పాదు_పందిరి | అక్టోబర్ 8, ఉదయం 10:50

ఎర్రచెలక గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎరువును గుంటలో వేసేముందు ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మంచి బూజు) పట్టించండి. 21 గుంటలకు 40 కిలోల ఎరువు, 2 కిలోల వేపపిండి అవుతాయి కదా, దానికి అర కిలో ట్రైకోడెర్మా విరిడి పొడి చాలు. నీడలో కుప్ప పోసి, చేత్తో పిండితే నీరు కారనంత తడి చేసి, తడి గోనెసంచి కప్పి వారం ఉంచండి. మూడో రోజు ఒకసారి తిరగేయండి. కుప్ప మీద ఆకుపచ్చ బూజు కనిపిస్తే అది పెరిగినట్టు. నారుకుళ్లు, మొదలుకుళ్లు, వేరుకుళ్లు మూడింటికీ ఇది ముందు జాగ్రత్త. తెగులు వచ్చాక పోస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఇది వేశాక కనీసం రెండు వారాలు కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి శిలీంధ్ర నాశని మొక్క మొదట్లో పోయకండి. అది మంచి బూజునూ చంపేస్తుంది.

---

నల్లరేగడి | అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:20

గుంట పద్ధతి ఎర్రనేలకు సరే. ఇది చదివి నల్లరేగడిలో అడుగు లోతు గుంట తీసి ఎరువు నింపేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం చెబుతున్నాను, అలా చేయకండి. చుట్టూ గట్టి బంకమట్టి, మధ్యలో మెత్తటి ఎరువు ఉంటే వాన పడ్డప్పుడు నీళ్లన్నీ ఆ గుంటలోకే చేరి నిలుస్తాయి. టమాటా వేరు ఒక రోజు నీటిలో మునిగి ఉంటే చాలు, ఊపిరాడక చస్తుంది. పైకి చూస్తే నీళ్లు లేక వడలినట్టు కనిపిస్తుంది, మనం ఇంకా నీళ్లు పోస్తాం.

నల్లనేలలో గుంట కాదు, బోదె కట్టాలి. అడుగున్నర వెడల్పు, ముప్పావు అడుగు ఎత్తు. ఎరువును బోదె మట్టి అంతటా కలపాలి, చదరపు మీటరుకు 3 కిలోలు. మొక్క బోదె నడినెత్తిన కాకుండా పక్కవాలులో, పైనుంచి మూడో వంతు దగ్గర నాటాలి. ఉప్పు నీళ్లు పారించే చోట ఎర్రనేలలో కూడా ఇదే మేలు. నీరు ఆవిరయ్యే కొద్దీ ఉప్పు బోదె నెత్తికి ఎక్కి పేరుకుంటుంది, పక్కవాలులో ఉన్న వేరుకు తక్కువ తగులుతుంది.

హన్మకొండ గారు, బోరు నీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) ఒకసారి పరీక్ష చేయించండి. మీటరుకు 1.7 డెసీసీమెన్ల లోపు ఉంటే టమాటా కాపు తగ్గదు. దాటితే కాపు తగ్గుతూ వస్తుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి, అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది.

---

హన్మకొండ_పెరడు | అక్టోబర్ 9, ఉదయం 6:55

చాన వివరంగ చెప్పిన్రు, సంతోషం. గుంటలు తీస్తున్నం. రెండు సందేహాలు. ఒకటి, పక్కింటాయన గుంటకో పిడికెడు సున్నం వెయ్యమంటున్నడు, కాయ కింద నల్లగ కుళ్లదట. కోడిగుడ్డు పెంకులు కూడ వెయ్యమంటున్నరు. రెండోది, నారు తెచ్చుకునేటప్పుడు ఏం చూడాలె?

---

ఎర్రచెలక | అక్టోబర్ 9, ఉదయం 8:30

సున్నం వద్దు. నేల పులుపుగా, అంటే పీహెచ్ 6 కంటే తక్కువగా ఉన్నచోటనే సున్నం పని. మీ వైపు బోరు నీళ్లలో సున్నం ఎలాగూ ఉంటుంది, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే. ఆ నీళ్లు పారిన నేల పీహెచ్ 7.5 దాటి ఉండే అవకాశమే ఎక్కువ. దాని మీద సున్నం వేస్తే ఇనుము, జింకు మొక్కకు అందవు, లేత ఆకుల ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారుతుంది.

కాయ అడుగుకుళ్లు రావడానికి కారణం కాల్షియం కాయ కొసకు చేరకపోవడం. అది నేలలో లేకపోవడం వల్ల చేరకపోవడం చాలా అరుదు. కాల్షియం నీటితో పాటే పైకి వెళ్తుంది. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు రెండు బకెట్లు పోస్తే ఆ నాలుగు రోజుల్లో కాయకు అందాల్సింది ఆగిపోతుంది. ఆకులు నీటిని ఎక్కువగా లాగుతాయి కాబట్టి ఉన్న కాస్త కాల్షియం కూడా వాటికే పోతుంది. కాయ చింతగింజంత ఉన్నప్పుడే ఈ నష్టం జరిగిపోయి, నిమ్మకాయంత అయ్యాక మనకు కనబడుతుంది. యూరియా ఎక్కువ వేసినా ఇదే జరుగుతుంది. ఉప్పు నీళ్లు కూడా ఒక కారణం, మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

కనుక మందు నీళ్ల క్రమమే. అడుగు నల్లబడిన కాయల్ని తీసేయండి, అవి బాగుపడవు. మిగతా చెట్టుకు కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయవచ్చు, వారం తేడాతో రెండుసార్లు. గుడ్డు పెంకులు నేలలో కరగడానికి నెలలు, కొన్ని నేలల్లో ఏళ్లు పడుతుంది. ఈ పంటకు అందవు. వేస్తే నష్టం లేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

---

మదనపల్లె_తోట | అక్టోబర్ 9, ఉదయం 11:05

నారు ఎంపిక గురించి నేను చెబుతాను, సగం పంట అక్కడే తేలిపోతుంది.

వయసు 25–30 రోజులు. ఎత్తు జానెడు లోపు, నాలుగైదు నిజమైన ఆకులు, కాండం పెన్సిల్‌లో సగం మందం. ప్రోట్రే గుంతలోంచి మొక్క పైకి లాగితే వేరు కొబ్బరిపొట్టును గట్టిగా పట్టుకుని ముద్దగా రావాలి, తెల్లగా ఉండాలి. వేరు గోధుమరంగులోకి తిరిగి అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ముదురు నారు. పూతతో ఉన్న నారు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తీసుకోకండి. తప్పక తీసుకుంటే ఆ పూత గిల్లేసి నాటండి. లేకపోతే వేరు పెరగకముందే కాయ పోసుకుని మొక్క గిడసబారుతుంది.

పైన లేత ఆకులు దోసిలిలా పైకి ముడుచుకుని, చిన్నవై, పసుపు అంచు కనిపిస్తే అది ఆకుముడత వైరస్. ట్రేలో అలాంటివి రెండు మూడు ఉన్నా మొత్తం ట్రే వదిలేయండి. ఆకు వెనక్కి తిప్పి చూడండి. తెల్లదోమ ఉంటే తట్టగానే లేస్తుంది. అర్క రక్షక్ బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు, తొలి ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. తట్టుకోవడం అంటే అసలు రాదని కాదు. లేత వయసులో దోమ ఎక్కువైతే ఇది కూడా దెబ్బతింటుంది.

తెచ్చాక వెంటనే నాటవద్దు. నర్సరీలో అది నెట్ నీడలో పెరిగింది. మొదటి రెండు రోజులు పొద్దున రెండు గంటల ఎండ, తర్వాత రోజుకో గంట పెంచుతూ వారానికి పూర్తి ఎండకు అలవాటు చేయండి. ఆ వారం నీళ్లు కాస్త తగ్గించండి, వడలిపోనివ్వకండి. కాండం ఊదారంగు తిరిగితే గట్టిపడ్డట్టే.

---

పాదు_పందిరి | అక్టోబర్ 9, సాయంత్రం 5:40

నాటే రోజు పని వరుసగా రాస్తున్నాను.

మధ్యాహ్నం ట్రేను సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ (మేలుచేసే బాక్టీరియా పొడి) లీటరుకు 10 గ్రాములు కలిపిన నీటిలో అడుగు మునిగేలా అరగంట ఉంచండి. గుంటలు ముందురోజే తడిపి ఉండాలి. సాయంత్రం 4 దాటాక మొదలుపెట్టండి, మబ్బు ఉంటే ఎప్పుడైనా పర్లేదు. వెదురు కర్ర ముందు పాతండి, తర్వాత మొక్క. ఆరు అడుగుల కర్ర, అడుగు నేలలోకి, మొక్కకు నాలుగంగుళాల దూరంలో. నెల తర్వాత కర్ర దించితే వేళ్లు తెగుతాయి, ఆ గాయంలోంచే ఎండుతెగులు ఎక్కుతుంది.

లోతు విషయం. టమాటా కాండం మీద ఉండే సన్నటి నూగు, చిన్న బుడిపెలు మట్టి తగిలితే వేళ్లవుతాయి. అందుకని కింది రెండు ఆకులు గిల్లేసి, వాటి పైదాకా పూడ్చండి. నారు సాగిపోయి మూరెడు ఉంటే నిలువుగా పూడ్చకండి, వాలుగా చిన్న కాలువ తీసి కాండాన్ని పడుకోబెట్టి, కొసను మాత్రం పైకి లేపండి. పై మట్టి వెచ్చగా ఉంటుంది, వేరు త్వరగా పడుతుంది.

మట్టిని కాలితో తొక్కకండి. చేత్తో మెల్లగా అదిమి, లీటరు నీళ్లు పోయండి.

---

నల్లరేగడి | అక్టోబర్ 9, రాత్రి 8:10

లోతు విషయంలో పాదు_పందిరి గారి మాట రబీకి, ఎర్రనేలకు నిజం. జూన్, జులైలో మృగశిర, ఆరుద్ర వానల్లో నాటేవాళ్లు మాత్రం విత్తనపు ఆకుల దాకా పూడిస్తే చాలు. తడి బంకమట్టిలో లోతుగా పాతిన కాండానికి మొదలుకుళ్లు పడుతుంది. నేల మట్టానికి దగ్గర కాండం చుట్టూ తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు కనిపిస్తే అదే.

ఇంకొకటి. అంటుకట్టిన టమాటా నారు ఇప్పుడు నర్సరీలలో దొరుకుతోంది, కింద వంగ వేరు, పైన టమాటా. దాన్ని అంటు పైదాకా పూడిస్తే టమాటా కాండం సొంత వేళ్లు వేసుకుంటుంది, అంటుకట్టిన ప్రయోజనమే పోతుంది. అంటు నేలకు రెండంగుళాలు పైన ఉండాలి.

---

పాదు_పందిరి | అక్టోబర్ 9, రాత్రి 8:45

ఒప్పుకుంటాను, వానాకాలానికి మీరు చెప్పిందే సరి. అంటు మొక్క మాట తప్పక చెప్పాల్సిందే.

---

వేపచెట్టు_నీడ | అక్టోబర్ 10, ఉదయం 7:20

దోమ గురించి ముందే ఆలోచించుకోండి. ఆకుముడత వైరస్‌కు మందు లేదు, వచ్చిన మొక్కను బాగుచేసే పిచికారీ ఏదీ లేదు. నాటిన మొదటి 45 రోజులు తెల్లదోమను దూరంగా ఉంచడమే చేయగలిగింది.

పసుపు జిగురు అట్టలు మీ జాగాకు మూడు చాలు, మొక్క కొస కంటే అరడుగు ఎత్తులో కట్టి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. వేపనూనె 1500 పీపీఎంది లీటరుకు 5 మి.లీ. నూనెను ముందు ఒక మి.లీ. సబ్బు ద్రావణంతో చిలికి తెల్లగా అయ్యాకే నీళ్లలో కలపండి, లేకుంటే పైన తేలి, చివరి చుక్కల్లో చిక్కగా వచ్చి ఆకు మాడుతుంది. సాయంత్రం పూట, ఆకు అడుగుభాగం తడిసేలా, వారానికోసారి. చుట్టూ రెండు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వీలైతే 20 రోజుల ముందే చల్లుకోవాలి, గాలివాటున వచ్చే దోమకు అది అడ్డు. మీకిప్పుడు సమయం లేదు కాబట్టి గాలి వచ్చే వైపు నాలుగడుగుల ఎత్తు నైలాన్ నెట్ కట్టండి.

కాయతొలిచే పచ్చపురుగుకు బంతి పెట్టండి.

---

మదనపల్లె_తోట | అక్టోబర్ 10, ఉదయం 9:50

బంతి అనగానే చాలామంది టమాటాతో పాటే బంతి గింజ చల్లేస్తారు, దానివల్ల ఉపయోగం లేదు. టమాటా పూతకొచ్చేసరికి బంతి పూస్తూ ఉండాలి, అప్పుడే తల్లిపురుగు బంతి మొగ్గ మీద గుడ్లు పెడుతుంది. అందుకని 40 రోజుల బంతి నారూ, 25 రోజుల టమాటా నారూ ఒకే రోజు నాటాలి. పొలంలో 16 వరుసల టమాటాకు ఒక వరుస ఎత్తు బంతి లెక్క. పెరట్లో మూలకొకటి, మధ్యలో రెండు చాలు. బంతి మొగ్గలు వారానికి రెండుసార్లు తెంపి పురుగుతో సహా నాశనం చేయకపోతే అక్కడే పెరిగి టమాటా మీదికే వస్తుంది. ఈ పని చేయలేనివాళ్లు బంతి పెట్టకపోవడమే మంచిది.

ఆకు మీద గాజులా పారదర్శకంగా పెద్ద మచ్చలు, కాయ తొడిమ దగ్గర సూదిపోటు లాంటి రంధ్రాలు ఉంటే అది పచ్చపురుగు కాదు, టూటా అనే ఇంకో పురుగు. మన దేశంలో 2014లో మొదట మహారాష్ట్రలో కనబడింది. దీనికి బంతి పనిచేయదు. మచ్చపడ్డ ఆకులు తెంపి కవరులో మూటకట్టి ఎండలో పెట్టాలి, దాని లింగాకర్షక బుట్ట (మగపురుగుల్ని వాసనతో లాగి పట్టేది) ఒకటి వేలాడదీయాలి. పాము పాకినట్టు సన్నటి తెల్ల గీతలు ఉంటే మాత్రం కంగారు పడకండి, ఆ ఆకుతొలిచే పురుగు రెండు మూడు కింది ఆకులకే పరిమితమైతే తెంపేస్తే చాలు.

---

డాలస్_కూరపాదు | అక్టోబర్ 10, రాత్రి 9:30

ఇక్కడ టెక్సస్‌లో ఉన్నవాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి చిన్న మాట. ఈ నెలల లెక్క ఇక్కడ పనికిరాదు. డాలస్‌లో చివరి మంచు సగటున మార్చి మధ్యలో, న్యూజెర్సీ వైపు ఊరిని బట్టి ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా. మంచు పోయిందని వెంటనే నాటకండి, నేల ఉష్ణోగ్రత 16 డిగ్రీలు, అంటే 60 ఫారెన్‌హీట్ దాటాలి. చల్లటి నేలలో వేరు భాస్వరం తీసుకోలేదు, ఆకు అడుగు ఊదారంగుకు మారి మొక్క మూడు వారాలు కదలదు. డాలస్‌లో జూన్ చివరి నుంచి ఎండకు పూత రాలిపోతుంది. అందుకే త్వరగా కాసే రకాలు మార్చిలో ఒకసారి, మళ్లీ జులై మొదట్లో శరదృతువు కాపుకోసం ఒకసారి నాటుకోవాలి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పెరట్లో నల్ల వాల్‌నట్ చెట్టు ఉంటే దాని కొమ్మల నీడ దాటి ఇంకా దూరంగా నాటండి, దాని వేరు వదిలే జుగ్లోన్ టమాటాను ఎండగొడుతుంది.

---

హన్మకొండ_పెరడు | అక్టోబర్ 25, ఉదయం 7:10

నిన్న సాయంత్రం 21 మొక్కలు నాటినం. ఇప్పటినుంచి నీళ్లు ఎట్ల పొయ్యాలె? పిలకలు తియ్యాల్నా వద్దా అని ఒక్కొక్కలు ఒక్కోతీరు చెప్తున్నరు. పై ఎరువు ఎప్పుడెయ్యాలె?

---

ఎర్రచెలక | అక్టోబర్ 25, ఉదయం 8:25

మొదటి మూడు రోజులు మొక్కకు రోజూ అర లీటరు, పొద్దున. తర్వాత వారం రోజులు రోజు విడిచి రోజు లీటరు. కొత్త చిగురు కదిలిందంటే వేరు పట్టినట్టు. ఇక అక్కడినుంచి తరచుగా కొద్దిగా పోయడం మానేసి, మూడు నాలుగు రోజులకోసారి మూడు లీటర్లు నిండుగా పోయండి. వేలు రెండంగుళాలు గుచ్చితే తడి తగిలితే ఆ రోజు వద్దు. కాయ దశలో చలికాలపు ఎండకు మొక్కకు రోజుకు సుమారు రెండు లీటర్ల లెక్క పడుతుంది. డ్రిప్ ఉంటే గంటకు 2 లీటర్ల డ్రిప్పరు రోజూ గంట చాలు. నీళ్లు మొక్క మొదట్లో పోయండి, ఆకుల మీద పైపుతో కొట్టకండి.

పది రోజులకు మల్చింగ్. వరిగడ్డి మూడంగుళాల మందం, కాండం చుట్టూ మూడంగుళాలు ఖాళీ వదిలి పరవండి. నేల మట్టి చినుకులతో కింది ఆకుల మీదికి ఎగిరితేనే ఆకుమాడు ఎక్కుతుంది, దాన్ని గడ్డి ఆపుతుంది. చెదలున్న నేలైతే గడ్డి కింద గుప్పెడు వేపపిండి చల్లండి.

పై ఎరువు నాటిన 30, 45, 60 రోజులకు. ఒక్కోసారి మొక్కకు యూరియా 5 గ్రాములు, అంటే ఒక చెంచా, కాండానికి ఆరంగుళాల దూరంలో గుండ్రంగా వేసి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. 45వ రోజున పొటాష్ 5 గ్రాములు కలపండి. రసాయన ఎరువు వద్దనుకుంటే అదే రోజుల్లో వర్మీకంపోస్టు పావుకిలో, వేపపిండి 25 గ్రాములు. మొక్క ముదురుపచ్చగా బలిసి పూత రాకపోతే ఆ దఫా నత్రజని మానేయండి.

---

పాదు_పందిరి | అక్టోబర్ 25, ఉదయం 10:15

పిలకలు (ఆకుకూ కాండానికీ మధ్య వచ్చే పక్క కొమ్మలు) తీయడం రకాన్ని బట్టి. తీగలా సాగే చెర్రీ రకాలకు రెండు కొమ్మలు ఉంచి మిగతా పిలకలు వేలెడు ఉన్నప్పుడే గిల్లేయాలి. పొట్టి రకాలకు తీయకూడదు, ఆ కొమ్మల మీదే కాపు. మీ అర్క రక్షక్‌కు మొదటి పూగుత్తి కిందవి మాత్రం తీసేయండి, పైవి ఉంచండి. మన ఎండకు కాయను కప్పే ఆకు కావాలి. ఆకులు ఎక్కువ తీసేస్తే కాయకు ఎండ తగిలిన వైపు తెల్లగా పొక్కులా మెత్తబడుతుంది.

బీడీ, చుట్ట, జర్దా ముట్టిన చేత్తో పిలకలు గిల్లకండి. పొగాకులోంచి మొజాయిక్ వైరస్ అంటుకుంటుంది. సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి. కట్టడానికి పాత నూలుచీర పేలికలు మేలు, 8 అంకె ఆకారంలో కర్రకూ కాండానికీ మధ్య వదులుగా. నైలాన్ దారం కాండం లావయ్యేకొద్దీ కోసేస్తుంది.

---

హన్మకొండ_పెరడు | నవంబర్ 29, ఉదయం 8:00

పూత మంచిగ వచ్చింది. కానీ రెండు మొక్కలు నిన్నటినుంచి పచ్చగ ఉండంగనే వాడిపోయినయి, సాయంత్రం కూడ లేస్తలేవు. నేల తడిగనే ఉన్నది. ఇంకో నాలుగు మొక్కలకు కింది ఆకులు పైకి చుట్టుకుంటున్నయి.

---

మదనపల్లె_తోట | నవంబర్ 29, ఉదయం 8:40

కింది ఆకులు మందంగా, గరుకుగా, పైకి చుట్టుకుని, పైన చిగురు మామూలుగా ఉంటే అది వైరస్ కాదు. ఎండకో, నీళ్లు ఎక్కువయ్యో మొక్క చేసుకునే సర్దుబాటు. వైరస్ చిగురు నుంచి మొదలవుతుంది. ఆ నాలుగింటినీ వదిలేయండి.

వాడిన రెండూ ముఖ్యం. ఒకదాన్ని నేలకు రెండంగుళాల పైన కోసి, ఆ కాండం ముక్క కింది కొస గాజు గ్లాసు నీళ్లలో తాకేలా కదపకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో పాలదారంలా తెల్లగా జారితే బాక్టీరియా ఎండుతెగులు. జారకపోతే కాండం నిలువునా చీల్చి చూడండి, లోపల గోధుమరంగు గీత ఉంటే ఫ్యుజేరియం. అందులో మామూలుగా ఒక పక్క ఆకులు ముందు పసుపవుతాయి. ఏదీ కాకపోతే వేరు పీకి ముడులున్నాయేమో చూడండి, ముడులుంటే నులిపురుగు.

---

హన్మకొండ_పెరడు | నవంబర్ 29, ఉదయం 10:05

గ్లాసుల తెల్లగ జారింది.

---

మదనపల్లె_తోట | నవంబర్ 29, ఉదయం 10:30

అయితే ఆ రెండు మొక్కల్నీ చుట్టూ అడుగు మట్టితో సహా తీసి మూటకట్టి పారేయండి, కంపోస్టులో వేయకండి. గునపం, కత్తి బ్లీచింగ్ నీళ్లలో కడగండి. పక్క మొక్కల మొదట్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, మొక్కకు పావు లీటరు పోయండి. ట్రైకోడెర్మా వేసి రెండు వారాలు దాటింది కాబట్టి ఇబ్బంది లేదు. నీళ్లు ఆ గుంటల మీదుగా పారి పక్క గుంటలోకి పోకుండా అడ్డుకట్ట వేయండి, ఈ తెగులు నీటి వెంట నడుస్తుంది. ఆ చోట మూడేళ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెట్టకండి. మొక్కజొన్న, తోటకూర, ఉల్లి పెట్టుకోండి.

---

నెల్లూరు_మడి | డిసెంబర్ 3, మధ్యాహ్నం 12:15

ఫిబ్రవరిలో నాటితే పూత అంతా రాలిపోతుంది అంటున్నారు. వేసవి కాపు అసలు కుదరదా?

---

ఎర్రచెలక | డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:00

కుదురుతుంది, జనవరి మొదటి వారానికి నారు నేలలో ఉండాలి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుపడుతుంది, పూత తొడిమ దగ్గర పసుపై రాలిపోతుంది. అంటే మార్చి సగానికి కాయలు నిలబడిపోవాలి. మార్చి నుంచి 35 శాతం షేడ్‌నెట్ ఏడడుగుల ఎత్తులో వేస్తే ఇంకో మూడు వారాలు లాగవచ్చు. నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్ (ప్లానోఫిక్స్) 4.5 లీటర్లకు 1 మి.లీ. చొప్పున పూత దశలో ఒకసారి చల్లుతారు. మోతాదు మించితే ఆకులు మెలితిరుగుతాయి, అందుకని కొలత సిరంజితో తీయండి. పొద్దున 9–11 మధ్య కర్రను రెండు వేళ్లతో తట్టడం అన్ని కాలాల్లోనూ పనిచేస్తుంది, పువ్వు కదిలితేనే పుప్పొడి రాలుతుంది. 30 డిగ్రీలు దాటిన ఎండలో ఎరుపురంగు సరిగా కట్టదు, కాయ నారింజరంగులోనే ఆగిపోతుంది. అది రోగం కాదు.

---

హన్మకొండ_పెరడు | డిసెంబర్ 26, ఉదయం 7:30

కాయలు రంగు తిరుగుతున్నయి. కోతులు వస్తున్నయి. ఇంకోటి, ఈ కాయల గింజలు వచ్చే ఏటికి దాచుకోవచ్చా?

---

వేపచెట్టు_నీడ | డిసెంబర్ 26, ఉదయం 8:15

కోతులు ఎర్రబడ్డ కాయనే చూస్తాయి. కాయ అడుగున లేత గులాబీ చుక్క పడగానే కోసేయండి. ఆ దశ దాటాక చెట్టునుంచి కాయకు అందేది పెద్దగా ఉండదు, రుచి తగ్గదు. ఇంట్లో 20–25 డిగ్రీల దగ్గర తొడిమ కిందికి ఉండేలా ఒక్క వరుసలో పరిస్తే ఐదారు రోజుల్లో ఎర్రబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, 12 డిగ్రీల కింద పండడం ఆగిపోయి పిండిలా అవుతాయి. చెట్టు మీదే పండాలంటే నాలుగు వైపులా, పైన కూడా మూసేలా గట్టి వల బిగించి కట్టడం ఒక్కటే మార్గం.

---

మదనపల్లె_తోట | డిసెంబర్ 26, ఉదయం 9:00

అర్క రక్షక్ హైబ్రిడ్, దాని గింజ వేస్తే మొక్కలు తలోరకంగా వస్తాయి, తెగులు తట్టుకునే గుణమూ విడిపోతుంది. గింజ దాచుకోవాలంటే అర్క వికాస్, పూసా రూబీ లాంటి సూటి రకాలు పెట్టుకోండి. తెగులు లేని మొక్క, రెండో లేదా మూడో గుత్తి కాయ, చెట్టు మీదే పూర్తిగా పండనిచ్చి కోయాలి. గుజ్జును గింజలతో సహా గాజు సీసాలో వేసి, నీళ్లు కలపకుండా 24 నుంచి 48 గంటలు పులవనివ్వండి. ఎండాకాలం ఒక రోజే చాలు, ఎక్కువైతే సీసాలోనే మొలకెత్తుతాయి. పైన నురగ కట్టి గింజ చుట్టూ ఉన్న జిగురు వదిలాక నీళ్లు పోసి కడగండి. తేలినవి పారబోసి, మునిగినవి స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. గింజ వంచితే వంగకుండా పుటుక్కున విరిగేంత ఆరాక, బూడిద కలిపి గాలి చొరని సీసాలో పెట్టి, రకం పేరూ నెలా రాసి అతికించండి. చల్లటి చోట ఉంచితే మూడేళ్ల దాకా మొలుస్తాయి.